జీతం రాని నెలలో సాక్ష్యం

బెంగళూరులో మా తెలుగు ఆరాధన ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుంది. పొద్దున కన్నడ ఆరాధన, తర్వాత తమిళ ఆరాధన అయిపోయాకే గుడి మాకు దొరుకుతుంది. దానివల్ల మాకు మేలే జరిగింది. మా సంఘంలో సగం మంది పౌరకార్మికులు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు పల్లెల నుంచి రెండు మూడు తరాల కిందట వచ్చి ఈ నగరం వీధులు ఊడుస్తున్నవాళ్లు. ఆదివారం కూడా చీకటితోనే లేచి మస్టర్ దగ్గర వేలిముద్ర వేసి, పని ముగించుకుని, స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని రావాలంటే మూడు గంటలే కుదురుతుంది.

ఆరాధన చివర సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి దేవుడు చేసిన మేలు చెప్పవచ్చు. అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, ఆపరేషన్ బాగా జరిగింది, పదేళ్ల తర్వాత కడుపు పండింది, ఇలా ఒక్కొక్కరూ చెబుతారు. చెప్పడం కాగానే అందరం "ఆమెన్" అంటాం. 2016లో ఒక వర్షాకాలపు ఆదివారం, అప్పటికి యాభై దాటిన ఒక అక్క లేచింది. ఎప్పుడూ లేచే మనిషి కాదు. "మూడు నెలలుగా జీతం రాలా. దేవుడు ఉండాడు. అంతే" అని కూర్చుంది.

ఎవరం "ఆమెన్" అనలేదు. అనాలో వద్దో తెలియలేదు. అది సాక్ష్యమా, ఫిర్యాదా అన్నది మాకు తేలలేదు. అయ్యగారు ఒక్క క్షణం ఆగి, "అక్క కోసం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందాం" అని పాట ఎత్తుకున్నారు. ఆ రోజు ప్రసంగం మత్తయి సువార్త ఆరో అధ్యాయం మీద. ఏమి తిందుమో, ఏమి ధరింతుమో అన్న చింత వద్దని ప్రభువు చెప్పిన మాటలు. ఆకాశ పక్షులు, అడవి పువ్వులు. ఆ ప్రసంగాన్ని మేమందరం మెచ్చుకున్నాం కూడా.

ఆరాధన అయ్యాక ఆమె మెట్ల దగ్గర నిలబడి, చదువుకున్న ఒక అబ్బాయిని పిలిచి, కొంగుముడి విప్పి ఒక కాగితం చూపించింది. జీతం నుంచి నెలనెలా పి.ఎఫ్. కోసినట్టు కాంట్రాక్టరు మేస్త్రి ఇచ్చిన చీటీ అది. ఆ అబ్బాయి ఫోనులో ఖాతా చూశాడు. అందులో రెండేళ్లుగా ఒక్క రూపాయి జమకాలేదు. జీతం మూడు నెలలది రాలేదు, వచ్చిన నెలల్లో కోసింది ఎటుపోయిందో తెలియదు. గుడి లోపల చింతపడవద్దని విన్న మనిషి గుడి మెట్ల మీద నిలబడి లెక్క చూసుకుంటోంది. ఆమెకు విశ్వాసం తక్కువైందనా? మేము ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. తొమ్మిదేళ్లుగా దాన్ని మేము వదల్లేదు, అదీ మమ్మల్ని వదల్లేదు.

దైనందిన జీవితంలో దేవుణ్ణి నమ్ముకోవడం గురించి మన తెలుగు సంఘాల్లో ప్రసంగాలకు కొదవ లేదు. కానీ ఆ ప్రసంగాల్లో దైనందిన జీవితం ఎక్కువగా కనబడదు. నమ్మకం అంటే మనసు నెమ్మదిగా పెట్టుకోవడం, నోరు మెదపకుండా ఎదురుచూడడం, ఏదో ఒక రోజు అద్భుతం జరిగితే సాక్ష్యం చెప్పడం, ఇంతే అన్నట్టుంటుంది. జీతం వచ్చాక సాక్ష్యం, రాకముందు మౌనం. మా అభిప్రాయం వేరు. లేఖనాల్లో విశ్వాసం అన్న మాట ఎక్కువసార్లు జీతం రాని నెలలోనే వినిపిస్తుంది.

మత్తయి ఆరో అధ్యాయాన్నే తీసుకుందాం. పక్షుల మాట రావడానికి ముందు అదే అధ్యాయంలో ప్రభువు నేర్పిన ప్రార్థన ఉంది. అందులో అనుదినాహారం అడగమన్నాడు. మన తెలుగు బైబిల్లో అనుదినం అని వేసిన చోట గ్రీకు మూలంలో ఉన్న మాట చాలా అరుదైనది. కొత్త నిబంధనలో ఆ ప్రార్థన ఉన్న రెండు చోట్ల, మత్తయిలోను లూకాలోను తప్ప ఇంకెక్కడా కనబడదు. దాని అర్థం ఈ రోజుకు సరిపడేదనా, రేపటిదనా, బతకడానికి కావలసినదనా అని పండితులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు. రోజుకూలీకి ఆ వాదన అక్కరలేదు. సాయంత్రం చేతికి వచ్చే డబ్బుతో రేపటి పొద్దుటి బియ్యం కొనాలి. ఈ రోజు ఆహారమూ రేపటి ఆహారమూ ఒకే కూలి. ఆ ప్రార్థన అలాంటి మనుషుల నోట పుట్టిన ప్రార్థన. పైగా అందులో ఎక్కడా "నాకు" అని లేదు, "మాకు" అనే ఉంది. ప్రతి ఆదివారం గట్టిగా చదువుతూ కూడా ఇది మాకు చాలాకాలం తట్టలేదు.

ఆ అధ్యాయం చివర దేవుని రాజ్యాన్నీ ఆయన నీతినీ మొదట వెదకమన్నాడు. నీతి అనే మాట దగ్గర మన తెలుగు మనల్ని కొంచెం మోసం చేసిందని మాకు అనిపిస్తుంది. తెలుగులో నీతి అంటే మంచి నడవడి. తాగకపోవడం, అబద్ధమాడకపోవడం, నీతికథలు. హోసూరు దగ్గర ఉండే మా చుట్టాలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గుడిలో తమిళ బైబిలు చదువుతారు. వాళ్ల బైబిల్లోనూ అక్కడ నీతి అనే ఉంది. కానీ తమిళంలో నీతి అంటే న్యాయం. కోర్టుకు వాళ్లు పెట్టుకున్న పేరులోనే ఆ మాట ఉంది. ఒకే వాక్యం చదివి తెలుగువాడు తన ప్రవర్తన సరిచూసుకుంటాడు, తమిళం చదివినవాడికి న్యాయస్థానం కూడా గుర్తుకు వస్తుంది. గ్రీకు మాటలో రెండూ ఉన్నాయి. రెండు భాషల మధ్య బతికేవాళ్లకు దక్కే లాభాల్లో ఇదొకటి. మన పిల్లలకు తెలుగు సరిగా రాదని బాధపడే పెద్దలు ఈ లాభాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

మన్నా సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. నిర్గమకాండం పదహారో అధ్యాయంలో ప్రజలు ఐగుప్తులో ఇటుకల పని వదిలి అరణ్యంలోకి వచ్చారు. ఆకలికి సణుగుతున్నారు. మనిషికి ఒక ఓమెరు చొప్పున ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి తగ్గలేదు. రేపటికని దాచినది పురుగులు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు దొరికింది, ఎందుకంటే ఏడో రోజు పని ఉండకూడదు. ఐగుప్తులో బానిసలకు సెలవు లేదు. దేవుణ్ణి నమ్మడానికి వాళ్లకు మొదట నేర్పిన పాఠంలోనే వారానికి ఒక సెలవు ఉంది. ఆదివారం సెలవు కోసం మా ఆడవాళ్లు ఎన్నేళ్లు అడిగారో తెలిసినవాళ్లం కాబట్టి ఈ వచనం దగ్గర మేము కొంచెం ఎక్కువసేపే ఆగుతాం.

పౌలు ఈ మన్నా లెక్కను కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో మళ్లీ తీశాడు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగుచేస్తూ, ఒకరి సమృద్ధి మరొకరి కొరతకు ఉపయోగపడి సమానత్వం రావాలని చెబుతూ, ఎక్కువ తక్కువల ఆ మాటను ఆధారంగా చూపించాడు. అరణ్యంలో దేవుడు నేరుగా చేసిన పంపకం ఇప్పుడు సంఘం చేయాలి. దేవుడు పోషిస్తాడని నమ్మడమంటే, పోషించే చేతుల్లో మన చేతులు కూడా ఉన్నాయని ఒప్పుకోవడం.

మా అమ్మమ్మల కాలంలో గుప్పెడు బియ్యం అనే అలవాటు ఉండేది. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక గుప్పెడు వేరే కుండలో వేసేవాళ్లు. ఆదివారం దాన్ని గుడికి తెచ్చేవాళ్లు. తిండికి చాలని ఇంట్లో కూడా గుప్పెడు పక్కకు పోయేది. మా చిన్నతనంలో ఆ బియ్యాన్ని పోగుచేసి గుడి బయట వేలం వేసి, వచ్చిన డబ్బు కానుకల పెట్టెలో కలిపేవారు. వేలంలో బియ్యం కొనుక్కునేది కాస్త ఉన్నవాళ్లు. ఇచ్చినవాళ్లలో ఆకలితో ఉన్నవాళ్లు ఉత్త సంచితో ఇంటికి పోయేవాళ్లు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. ఆ అక్క సాక్ష్యం విన్న తర్వాత నెలలో మా స్త్రీల సమాజం ఆ అలవాటును మళ్లీ మొదలుపెట్టింది, వేలం మాత్రం మానేసింది. జీతం ఆగిన ఇంటికి ఆ బియ్యం పోతుంది. ఎవరింటికి పోయిందో చదివి వినిపించరు. మేము చేసిన పనుల్లో ఇది చాలా చిన్నది, అయినా గుడి లెక్కల పుస్తకంలో దీన్ని ఏ పద్దు కింద రాయాలన్న దాని మీద రెండు నెలలు తగువు నడిచింది.

బియ్యంతో ఆకలి తీరుతుంది, రావలసిన జీతం రాదు. దాని కోసం తిరగాలి. ఇక్కడే లూకా పద్దెనిమిదో అధ్యాయంలోని విధవరాలు మాకు దారి చూపించింది.

ఆ ఉపమానం మనందరికీ తెలిసిందే. దేవునికి భయపడని, మనుషుల్ని లెక్కచేయని న్యాయాధిపతి. న్యాయం తీర్చమని మాటిమాటికీ అతని దగ్గరికి వచ్చే విధవరాలు. చివరికి ఆమె గోల పడలేక అతను తీర్పు ఇస్తాడు. విసుగక ప్రార్థన చేయాలని చెప్పడానికే ప్రభువు ఈ కథ చెప్పాడని లూకా మొదట్లోనే రాశాడు. కాబట్టి మనం దీన్ని ప్రార్థన గురించిన ప్రసంగంగానే వింటాం. కానీ ప్రార్థనకు పోలిక వెతుకుతూ ప్రభువు ఎన్నుకున్నది మోకాళ్ల మీద ఉన్న మనిషిని కాదు, కచేరీ చుట్టూ తిరుగుతున్న మనిషిని. ఆమె తనను విసిగించి చంపుతుందేమోనని న్యాయాధిపతి భయపడిన చోట గ్రీకులో వాడిన మాటకు అసలు అర్థం కంటి కింద గుద్దడం. ముష్టియుద్ధాల బరిలో వాడే మాట. ఒక బీద విధవరాలు పదేపదే వస్తుంటే అంత పెద్ద అధికారికి ముఖం వాచిపోతుందేమోనన్నట్టుంది! ప్రభువు ఈ మాట చెప్పినప్పుడు వినేవాళ్లు నవ్వే ఉంటారు. ఇక కథ ముగించి ఆయన అడిగిన ప్రశ్న, మనుష్యకుమారుడు వచ్చేటప్పుడు భూమి మీద విశ్వాసం కనబడుతుందా అని. అంటే ఆయన కళ్లకు విశ్వాసం ఎలా కనబడుతుందో ఆ కథలోనే చెప్పాడు. పని కాలేదని తెలిసి కూడా రేపు మళ్లీ అదే గుమ్మం దగ్గరికి పోవడం.

అక్కను తీసుకుని మేము ఆ గుమ్మాల చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. మొదటి రోజు అర్జీ తెలుగులో రాసుకుని వెళ్లాం. బల్ల అవతల మనిషి దాన్ని తిప్పి చూసి ఇచ్చేశాడు. మేము ప్రార్థించే భాష తెలుగు, అడుక్కోవలసిన భాష కన్నడం. మా గుడిలో తెలుగు అక్షరాలు రాని కుర్రవాళ్లు ఉన్నారు, ఫోనులో కన్నడ లిపిలో తెలుగు పాటలు చూసి పాడతారు. వాళ్లను చూసి పెద్దలు నిట్టూర్చేవాళ్లు. ఆ కుర్రవాళ్లే రెండో అర్జీ రాశారు. అప్పటి నుంచి వాళ్ల మీద నిట్టూర్పులు తగ్గాయి.

తిరుగుతూ తిరుగుతూ చట్టం కూడా కొంచెం నేర్చుకున్నాం. అప్పటికి అమలులో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం నెల గడిచాక ఏడో తేదీలోగా, వెయ్యి మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట పదో తేదీలోగా జీతం ఇవ్వాలి. అప్పటికి అమలులోనే ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే అసలు యజమానే కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. ఇవి తెలుసుకున్న వారమే మా బైబిలు అధ్యయనంలో ద్వితీయోపదేశకాండం ఇరవైనాలుగో అధ్యాయం చదివాం. పేద కూలివాని కూలి పొద్దు గుంకక ముందే ఇచ్చేయాలని, పరదేశి అయినా అంతేనని అందులో ఉంది. కూలివాడు దాని మీదనే ఆశపెట్టుకుని ఉంటాడని కారణం కూడా చెప్పింది. మన చట్టం ఏడో తేదీదాకా గడువిచ్చింది, మోషే సాయంత్రం దాకే ఇచ్చాడు. ఇవ్వకపోతే ఆ కూలివాడు దేవునికి మొరపెడతాడని, అది యజమానికి పాపమవుతుందని కూడా ఆ వచనంలోనే ఉంది. అంటే మొర పెట్టుకోవడం విశ్వాసలోపం కాదు. ఆ హక్కు లేఖనమే ఇచ్చింది.

ఐదోసారి వెళ్లాక రెండు నెలల జీతం వచ్చింది. మూడో నెలది ఇంకో అర్ధ సంవత్సరానికి వచ్చింది. పి.ఎఫ్. రాలేదు. కాంట్రాక్టు ఇంకొకరి చేతికి మారింది, పాతవాడి చిరునామా దొరకలేదు.

ఈ లోపల సంఘంలో మా మీద గుసగుసలు వచ్చాయి. గుడిని యూనియన్ ఆఫీసు చేస్తున్నారని కొందరన్నారు. 2022 జూలై మొదట్లో కర్ణాటక అంతటా పౌరకార్మికులు తమను పర్మినెంటు చేయాలని చీపుళ్లు పక్కన పెట్టి సమ్మె చేసినప్పుడు ఆ మాటలు ఇంకా పెరిగాయి. విశ్వాసులు రోడ్డు మీద కూర్చోవచ్చా, అధికారులకు లోబడమని పౌలు రాయలేదా అని అడిగారు. రోమా పత్రిక రాసిన పౌలే ఫిలిప్పీలో తనను విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసిన అధికారులు రహస్యంగా పంపించబోతే కదలనన్నాడు. వాళ్లే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం. ఆ పట్టుదలను సమ్మె అనవచ్చో లేదో మాకు తెలియదు గానీ, నోరు మూసుకుని లోబడడం మాత్రం కాదు. నాలుగో రోజుకు ప్రభుత్వం మాట ఇచ్చింది, సమ్మె విరమించారు. 2025 మే 1న బెంగళూరులో పన్నెండు వేల మందికి పైగా పౌరకార్మికులకు నియామక పత్రాలు ఇచ్చారు. మా అక్క అప్పటికే మోకాళ్లు సహకరించక పని మానేసింది. ఆమె కోడలికి పత్రం వచ్చింది.

ఆ ఆదివారం "ఆమెన్" గుడి పైకప్పు తాకింది. ఆ పత్రం వెనుక ఎంతమంది ఎన్నేళ్లు ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగారో ఆ "ఆమెన్"లో వినబడిందా అన్నది మా అనుమానం.

దేవుని మీద నమ్మకాన్ని, కూలి డబ్బును కలిపి మాట్లాడడం మేము కొత్తగా కనిపెట్టింది కాదు. తెలుగు నేల మీద మన సంఘాల పుట్టుకలోనే అది ఉంది. మాదిగ కులానికి చెందిన యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని, ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో తన వాళ్లకు సువార్త చెప్పాడు. తర్వాత పదేళ్లకు 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని మహాక్షామం పట్టి పీడించింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. బోధకులు పని చూసే మేస్త్రీలయ్యారు. మధ్యాహ్నం కూలీలు మట్టి తట్టలు దించి విశ్రాంతి తీసుకునే వేళ వాళ్లతో కూర్చుని మాట్లాడేవారు. అయితే ఆ కరువు కాలమంతా ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం దేవుడు అన్న మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ 2,222 అనే అంకెను మన సంఘాల్లో గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే. మాకు మాత్రం ఆ ఆపిన నెలలు ఇంకా గొప్పగా కనిపిస్తాయి. కూలి ముందు ఇచ్చారు, నమ్మకాన్ని కూలికి బదులుగా అడగలేదు. చెన్నైలో ఆ కాలువ గట్టున ఇప్పటికీ మన తెలుగువాళ్ల పేటలు ఉన్నాయి. ఆ కాలువలో ఒక ముక్క తమ సంఘం పుట్టిన చోటు అని అక్కడి పిల్లలకు ఎవరైనా చెబితే బాగుండును.

ఈ రోజుల్లో దీనికి తలకిందులుగా జరుగుతోంది. నమ్మకానికి ముందే రేటు కడుతున్నారు. విత్తన కానుక అంటారు, వెయ్యి వేస్తే లక్ష కోస్తావంటారు. నూనె సీసాలు, రుమాళ్లు. ఆ మాటలు విని అప్పుచేసి కానుక వేసినవాళ్లను మేము ఎరుగుదుం. అప్పు వడ్డీ మాత్రమే నూరంతలైంది. మేలు జరగకపోతే తప్పు వాళ్ల విశ్వాసానిదే. ఆ వ్యాపారంలో నష్టం ఎప్పుడూ బీదవాడిదే, లాభం ఎప్పుడూ మైకు పట్టుకున్నవాడిదే. దీని గురించి ఇంకా రాస్తే కోపం ఎక్కువవుతుంది, ఇక్కడ ఆపుతాం.

ఇతరుల తప్పులు రాసిన చేత్తోనే మా తప్పు కూడా రాయాలి. నాలుగైదేళ్ల తిరుగుడులో మేము అర్జీల్లో ఆరితేరాం. కన్నడంలో ఏ మాట ఎక్కడ వేస్తే ఫైలు కదులుతుందో తెలిసింది. శనివారం రాత్రి ప్రార్థన కూటం కాస్తా కాగితాలు సర్దుకునే కూటమైపోయింది. ఎవరూ చెప్పలేదు, మేమూ గమనించలేదు. ఒక శనివారం ఆ అక్కే అడిగింది. "ఏందన్నా, మీరు అర్జీ రాస్తా ఉండారు గానీ ప్రార్థన చేసుకునేది ఎప్పుడు? నేను ఆ ఆఫీసు మెట్లు ఎక్కేకి ముందు ప్రతిసారీ గేటు కాడ నిలబడి ప్రార్థన చేసుకుంటాను. లేకపోతే వాళ్ల మీద కోపం వచ్చేస్తుంది. కోపంతో మాట్లాడితే నాకు నోరు తిరగదు."

ఆఫీసుకు వెళ్లే ఆమెకు అంత ఓపిక ఎక్కడిదని మేము అనుకునేవాళ్లం. అది ఆమె స్వభావం అనుకున్నాం. ఆమె దాన్ని రోజూ గేటు దగ్గర అడిగి తీసుకుంటోంది, మన్నా ఏరుకున్నట్టు, ఏ రోజుది ఆ రోజు. నిన్నటి ఓపిక ఈ రోజుకు పనికిరాదని ఆమెకు తెలుసు. మేమేమో కోపాన్నే పెట్టుబడిగా పెట్టి పని చేస్తున్నాం. మాలో ఇద్దరు అప్పటికే అలసిపోయి, ఏమీ మారదని రావడం మానేశారు. ఆమె మానలేదు.

మార్కు నాలుగో అధ్యాయంలో ప్రభువు చెప్పిన చిన్న ఉపమానం ఒకటుంది. రైతు విత్తనం చల్లి, రాత్రి నిద్రపోతూ పగలు లేస్తూ ఉండగా అది ఎలా పెరుగుతుందో అతనికి తెలియదు. మొలక, వెన్ను, తర్వాత గింజ. రైతు పని చేస్తాడు, పెరగడం మాత్రం అతని పని కాదు. విశ్వాసంలో ఎదగడం గురించి మాకు తెలిసినంతలో ఇంతకన్నా నిజమైన మాట లేదు. ఆ అక్క 2016లో నోరు తెరవడానికే భయపడిన మనిషి. ఇప్పుడు మాలో ఎవరు కార్యాలయానికి వెళ్లినా ఆమెను అడిగి వెళతారు. ఎప్పుడు మారిందో చెప్పమంటే ఆమె చెప్పలేదు, మేమూ చెప్పలేం. ఏ ఉజ్జీవ సభలోనూ చేయి ఎత్తలేదు. గుమ్మాలు ఎక్కుతూ దిగుతూ పెరిగింది.

అన్ని చోట్లా దారి ఇంత తేటగా ఉండదు. మా సంఘంలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి కుల ధృవపత్రం తీసుకోవాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రీస్తును నమ్మిన దళితులకు లేదు. 2007లో రంగనాథ మిశ్రా కమిషన్ ఈ మతం ముడి తీసేయాలని సిఫారసు చేసింది, అది అలాగే ఉంది. పైగా మనలాంటి వలస కుటుంబాలకు ఒక రాష్ట్రంలో ఉన్న హోదా మరో రాష్ట్రంలో చెల్లదు. తాతలు ఎప్పుడు వచ్చారో కాగితంతో రుజువు చేయాలి. సోలాపూరులో, ముంబయిలో ఉన్న మన పాఠకులకు ఇది మేము చెప్పనక్కరలేదు. ఆ అమ్మాయి ఇంట్లో బైబిలు, కాగితం మీద ఇంకో మతం. దేవుణ్ణి నమ్ముకుని నిజం రాసి సీటు వదులుకోమని ఆమెకు చెప్పే అధికారం, ఫీజు కట్టలేని మనకు ఎక్కడిది? మరి రాయవద్దని చెప్పగలమా? అదీ మా నోట రాలేదు. ఆమె కాగితం నింపిన రోజు వాళ్ల నాన్న గుడికి రాలేదు. ఆ తర్వాతి వారం కూడా రాలేదు. మేము ఇంటికి వెళ్లి కూర్చున్నాం, టీ తాగాం, వచ్చేశాం. తన కొడుకు కోసం వచ్చిన తండ్రి ఒకడు, నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి కూడా సహాయం చెయ్యమని అడిగినట్టు మార్కు రాశాడు. ప్రభువు అతన్ని వెనక్కి పంపలేదు. ఆ తండ్రి ప్రార్థనను మించినది మాకు ఇంతవరకు దొరకలేదు. ఈ విషయంలో బరంపురంలోనో యానాంలోనో సంఘాలు వేరే దారి ఏదైనా చూసుకుని ఉంటే మాకు రాయండి.

మా సాక్ష్యాల సమయం ఇప్పుడు కొంచెం మారింది. జరిగిన మేలుతో పాటు జరగని పని కూడా చెప్పవచ్చునని అయ్యగారే ఒప్పుకున్నారు. మొదట్లో ఆయనకు ఇష్టం లేదు. ఆరాధనలో సంతోషం తగ్గుతుందన్నారు. తగ్గలేదు, ఆరాధన పావుగంట పెరిగింది, అంతే. జీతం ఆగినవాళ్లు, డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు బస్సు మారి వెళ్లేవాళ్లు, తాగుడు మానలేని భర్తలున్నవాళ్లు లేస్తారు. "ఇంకా కాలేదు" అని చెబుతారు. అలా చెప్పినవాళ్లకు కూడా "ఆమెన్" అనడం మేము నేర్చుకున్నాం. అది సులభంగా రాలేదు, నాలుక అలవాటు పడాలి.

పోయిన నెల అక్క మళ్లీ లేచింది. చేతికర్ర పట్టుకుని, కోడలి భుజం మీద చేయి వేసి. పాత పి.ఎఫ్. సంగతి ఇంకా తేలలేదట. ఖాతాలో పుట్టిన తేదీ తప్పు పడిందని, ఆధార్‌తో కలవడం లేదని, సోమవారం రమ్మన్నారట.

"దేవుడు ఉండాడు" అంది. అందరం "ఆమెన్" అన్నాం. ఆమె కూర్చోలేదు.

"సోమవారం నాతో ఎవరు వస్తారు?" అని అడిగింది.

కన్నడంలో అర్జీలు రాసే కుర్రవాడు చేయి ఎత్తాడు. అతని వెనుక వరసలో ఆ అమ్మాయి నాన్న కూడా.